కొత్త కామాటిపుర ప్లానులో చెట్టెక్కడ?



పోయిన నెల మన గల్లీవాళ్లం కొందరం ఒక ఖోలీలో కూర్చుని కొత్త కామాటిపుర బొమ్మ ఒకటి చూశాం. సర్కారీ ప్లాను కాదు, ఎవరో ఊహించి గీసిన నమూనా. టవర్లున్నాయి, కార్లు పెట్టుకునే అంతస్తులున్నాయి, నడుమ పచ్చటి గుండ్రాలు కూడా ఉన్నాయి. అందరూ 'బాగుంది, చెట్లు కూడా పెట్టారు' అన్నారు. నేను మాత్రం కొంచెం సిగ్గుపడ్డాను. ఎందుకంటే ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే. ఒక కాంట్రాక్టరు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ప్లాను మొత్తం అయిపోయాక, ఖాళీగా కనిపించిన చోటల్లా స్టెన్సిల్ పెట్టి గుండ్రాలు గీసేవాణ్ణి. ఆ స్థలంలో నిజంగా ఉన్న చెట్టు ఎక్కడుందో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నా గుండ్రాలు ఉన్నచోట చెట్టు ఉండేది కాదు, చెట్టు ఉన్నచోట నా లిఫ్టు గుంత ఉండేది.

ఆ నమూనాలో మన గల్లీ మలుపులో ఉన్న రావిచెట్టు లేదు. అది ఉండాల్సిన చోట కారు దిగే ర్యాంపు ఉంది. అందుకే ఈసారి మన చరిత్రని పండుగల వైపు నుంచో, మేస్త్రీల వైపు నుంచో కాకుండా చెట్ల వైపు నుంచి రాద్దామనుకున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ మాట నుంచి మొదలుపెడదాం. కామాటి అంటే మన భాషలో పార పట్టి మట్టిపని చేసే మనిషి. హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపుర ఉంది. నిజాం రాజ్యం నుంచి, ఇప్పటి తెలంగాణ పల్లెల నుంచి బొంబాయికి మట్టి మోయడానికి, రాయి పేర్చడానికి వచ్చినవాళ్లని ఇక్కడ కామాఠీలన్నారు. వాళ్లు ఉన్నచోటు కామాఠీపురా అయింది. (సినిమావాళ్లకి ఈ పేరు వినగానే ఒక్కటే గుర్తొస్తుంది. ఆ సంగతి ఇంకోసారి.)

వాళ్లు వచ్చిన నేల ఎట్లాంటిదో చూడండి. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య సముద్రం పోటుకి లోపలికి వచ్చి, నగరం నడుమ ఉన్న పల్లాలన్నీ ముంచేది. హార్న్‌బీ వెల్లార్డ్ అనే అడ్డుకట్ట 1784 ప్రాంతంలో పూర్తయ్యాక ఆ నీళ్లు ఆగాయి. 1793లో బెలాసిస్ రోడ్డు వేశారు. ఆ రోడ్డుకి దక్షిణంగా ఉన్న పల్లమే మనది. కట్ట పడ్డాక కూడా అది మెరక కాలేదు, వానాకాలంలో నీళ్లు నిలిచేవి. కట్టలూ రోడ్లూ వేసిన ఈ చుట్టుపక్కల, 18వ శతాబ్దం ఆఖరు సంవత్సరాల్లో మనవాళ్లు గుడిసెలు వేసుకున్నారు. మట్టి పోసి, చెత్త పోసి పూడ్చిన నేల మీద.

కాబట్టి నిజం ముందే చెప్పుకోవాలి. చెట్ల మధ్య ఇల్లు కట్టుకునే అదృష్టం మనవాళ్లకి ఇక్కడ దొరకలేదు. ఆ అదృష్టం గిర్గావ్‌ది.

గిర్గావ్, ఠాకూర్‌ద్వార్ వైపు 'వాడి' అని ముగిసే పేర్లెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. వాడి అంటే తోట. కొబ్బరి తోపులు. పోర్చుగీసువాళ్లు తోటని 'హోర్టా' అన్నారు, ఇంగ్లీషువాళ్ల నోట్లో అది 'ఓర్ట్' అయింది. తోట యజమాని ఒక మూలన ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత చుట్టాలకి ఇచ్చాడు, తర్వాత కిరాయికిచ్చాడు. తోటని ఒకేసారి నరికి చదును చేయలేదు. కొబ్బరిచెట్టు కాయలిస్తుంది, అంటే డబ్బు. ఖాళీ ఉన్నచోట ఇల్లు పడింది. అందుకే ఖోటాచీవాడిలో దారి నిటారుగా పోదు, వంకర తిరుగుతుంది. ఫణస్‌వాడి అంటే పనస తోట. చెట్టు ఉండగా దాని చుట్టూ ఇల్లు కట్టడం ఈ ఊళ్లో కొత్త ఫ్యాషనేమీ కాదు. కాయలు అమ్ముకునే లెక్కలోంచి పుట్టిన పద్ధతి.

ఇంకా పక్కకి వస్తే ఊరి పేర్లే చెట్ల పేర్లు. చించ్‌పోక్లీ, చించ్‌బందర్‌లో ఉన్న చించ్ మన చింత. ఉమర్‌ఖాడీలో ఉంబర్ అంటే మేడి, ఖాడీ అంటే ఉప్పుకయ్య. తాడ్‌దేవ్‌లో తాటి. బాబుల్‌నాథ్‌లో తుమ్మ. వడాలాలో మర్రి. భెండీబజార్‌కి గంగరావి చెట్ల వల్ల పేరొచ్చిందని ఒక మాట, బజారు 'వెనక' అనే ఇంగ్లీషు మాట వల్ల వచ్చిందని ఇంకో మాట. నాకు చెట్టు కథే ఇష్టం, కానీ ఇష్టం ఉంటే నిజం అయిపోదు. భాయ్‌ఖళాకి కూడా రేలచెట్టు కళ్లం అని అర్థం చెబుతారు. మన మర్రిగూడ, చింతపల్లి, వేములపల్లి లాగానే. వీటన్నిటి మధ్యలో మన పేరొక్కటే మనుషుల పేరు, కామాఠీలది. చెప్పుకోదగ్గ తోట లేని పల్లానికి పనివాళ్ల పేరే మిగిలిందని నేననుకుంటాను.

మరి వాళ్లు వదిలి వచ్చిన ఇళ్లు? మా నాయనమ్మ పుట్టిల్లు పాలమూరు వైపు. భవంతి ఇల్లు. ఆంధ్రావాళ్లు మండువా అంటారు. నడుమ ఆకాశం కనిపించే గచ్చు, నాలుగు పక్కలా అర్రలు, మూరెడు మందం మట్టిగోడలు. వెనక వాకిట్లో యాపచెట్టు. ఎండాకాలం పగలంతా తలుపులు మూసి లోపల ఉండటం, రాత్రి చెట్టు కింద నులక మంచం వేసుకోవడం. చెట్టు కింద కడవ నీళ్లు చల్లబడతాయి. అది పొడి ఎండ. పొడి ఎండలో చెట్టు ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు, చల్లిన కళ్లాపి నుంచి ఆవిరయ్యే నీరు గాలిని నిజంగా చల్లబరుస్తాయి.

బొంబాయి ఎండ వేరే జాతి. ఇక్కడ గాలి నిండా తేమ. చెమటే ఆరదు, ఇంక కడవ ఏం చల్లబడుతుంది? మూరెడు మందం గోడ పెట్టి తలుపులు మూసుకుంటే ఉడికిపోతాం. ఇక్కడ ఒంటికి హాయినిచ్చేవి రెండే: నీడ, ఒంటి మీద ఆడే గాలి. పడమటి సముద్రం మీద నుంచి మధ్యాహ్నానికి గాలి లేస్తుంది. మార్చిలో కొన్ని రోజులు తూర్పు గాలి దాన్ని ఆపేస్తుంది, అప్పుడు చూడాలి మన గల్లీల అవస్థ. కాబట్టి ఇక్కడి చెట్టు గోడకి, కప్పుకి, నేలకి నీడ ఇవ్వాలి గానీ గాలికి అడ్డం రాకూడదు. పైన గొడుగులా విప్పుకొని, కింద కాండం ఖాళీగా ఉండే చెట్టు కావాలి. గుబురుగా పొదలా పెరిగేది కిటికీ ముందు ఉంటే నీడ వస్తుంది, గాలి పోతుంది. ఊరి అలవాటుతో గుమ్మం ముందు గుబురు మొక్కలు పెట్టి, తర్వాత దోమలని తిట్టుకున్నవాళ్లని నేను చూశాను.

ఈ ఊరికి గాలి ఎంత ముఖ్యమో 1896 ప్లేగు నేర్పింది. ఎలుకల సంగతి అప్పటికింకా సరిగా తెలియదు. చీకటి, తేమ, గాలి ఆడని గదులే కారణమనుకున్నారు. 1898లో బాంబే సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వచ్చింది. మన పక్కన నాగ్‌పాడా దాని మొదటి పనుల్లో ఒకటి. ప్రిన్సెస్ స్ట్రీట్, సాండ్‌హర్స్ట్ రోడ్ వేసింది బండ్ల కోసం మాత్రమే కాదు, పడమటి సముద్రపు గాలిని ఊరి లోపలికి లాగడానికి కూడా. ఆ ట్రస్టులో జె.పి. ఓర్ అనే అధికారి ఒక లెక్క పెట్టాడు: అరవై మూడున్నర డిగ్రీల వెలుతురు కోణం. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఇల్లు ఎంత ఎత్తుందో అందులో కనీసం సగం వెడల్పు ఖాళీ దాని ముందు ఉండాలి. 40 అడుగుల చాల్‌కి 20 అడుగుల ఖాళీ.

ఆ లెక్క వెలుతురు కోసం పెట్టిందే, చెట్ల కోసం కాదు. కానీ ఇట్లాంటి ఖాళీల్లోనే తర్వాత చెట్లు మొలిచాయి. ట్రస్టు చాళ్ల మధ్య తిరిగి చూడండి, బాదం, రావి, కొబ్బరి ఎక్కడున్నాయో. ఆ ఇరవై అడుగుల్లోనే.

ఇదే కాలంలో ప్యాట్రిక్ గెడ్డిస్ అనే స్కాట్లాండు పెద్దమనిషి మన దేశమంతా తిరిగాడు. 1919 నుంచి 1924 దాకా బొంబాయి యూనివర్సిటీలో ప్రొఫెసరు. ఆయన పాత పేటల్ని అడ్డంగా కోసి కొత్త రోడ్లు వేసే పద్ధతిని ఒప్పుకోలేదు. ముందు పేటంతా నడిచి చూడు, ఉన్న బావి, ఉన్న గుడి, ఉన్న చెట్టు గుర్తించు, బాగా పాడైన రెండు మూడు ఇళ్లు మాత్రం తీసి అక్కడ చిన్న ఖాళీ చెయ్యి, నీడ పెంచు. ఇదీ ఆయన ధోరణి. దీనికి కత్తి తక్కువ వాడే వైద్యం అని అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు. బొంబాయి విన్నట్టు లేదు.

విననిదానికి సాక్ష్యం బీడీడీ చాళ్లు. గవర్నరు జార్జ్ లాయిడ్ హయాంలో 1920లో పెట్టిన బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు 207 చాళ్లు కట్టింది: వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, శివ్‌డీలో 12. 160 చదరపుటడుగుల గది. గోడలు కాంక్రీటు. పగలు తాగిన ఎండని రాత్రి కక్కే గోడలు. గదుల్లోకి గాలి, వెలుతురు చాలడంలేదని అప్పుడే తిట్టారు. మిల్లుల కోసం వచ్చిన మన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఆ గదుల్లోనే పిల్లల్ని పెంచి పెద్దచేశాయి. మా మేనత్త కూడా వర్లీలోనే. ఆమె చెప్పేది, ఎండాకాలంలో గదిలో పడుకున్నది ముసలివాళ్లు, బాలింతలు మాత్రమేనట. మిగతావాళ్లంతా చాల్‌కీ చాల్‌కీ మధ్య మైదానంలోనే. అక్కడ చెట్లున్న వైపు చాపలకి పోటీ. ఎవరి చాప ఏ చెట్టు కిందనో ఇంటి నంబరంత ఖాయంగా ఉండేదట.

కాంక్రీటు పెట్టె లాంటి ఆ గదిని ఇల్లు చేసింది బయట ఉన్న ఆ నీడే. 160 అడుగులు గది, మిగతా ఇల్లు చెట్టు కింద. 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత 556 కుటుంబాలకి కొత్త టవర్లలో 500 అడుగుల ఇళ్లు ఇచ్చారు. ఇంట్లోనే టాయిలెట్టు, లిఫ్టు. ఎవరికి ఆనందం ఉండదు? మా మేనత్త బతికుంటే మొదట ఎక్కేది ఆమెనే.

మళ్లీ మన కామాటిపురకి వద్దాం. 1వ గల్లీ నుంచి 14వ గల్లీ దాకా మీకు తెలిసిందే. బిత్తెడు బిత్తెడు ప్లాట్లు, గోడకి గోడ ఆనుకున్న ఇళ్లు. ఓర్ లెక్క ఇక్కడ ఎక్కడా కుదరదు. అయినా చెట్లున్నాయి. ఎట్లా వచ్చాయి? కొన్ని కాకులు పెట్టినవి. కాకి మేడిపండో రావిపండో తిని గోడ మీద రెట్ట వేస్తుంది, పగుల్లోంచి మొలుస్తుంది. కొన్ని మనవాళ్లు పెట్టినవి. మన దగ్గర పోచమ్మకి యాపచెట్టు లేకుండా జరగదు కదా. ఊరు వదిలి వచ్చినా ఆషాఢంలో బోనం ఎత్తాలంటే యాపమండలు కావాలి. రోజూ మార్కెట్లో కొనడం కంటే ఒక చెట్టు ఉంటే మేలని పెట్టారు. పూడ్చిన మట్టిలో, మురుగు కాలవ పక్కన, మట్టిపని చేసిన చేతులతోనే.

ఆ చేతుల సంగతి కూడా రెండు ముక్కలు చెప్పాలి. 19వ శతాబ్దం బొంబాయి కట్టడాల్లో మన తెలుగు కాంట్రాక్టర్ల పేర్లు వినిపిస్తాయి: రామయ్య వెంకయ్య అయ్యవారు, నాగూ సయాజీ, జాయా కరాడీ లింగూ. వీళ్లు జోతిరావు ఫూలేతో కలిసి సత్యశోధక్ సమాజంలో నడిచినవాళ్లు. ఫూలే కూడా కాంట్రాక్టరే కాబట్టి మాట కలిసి ఉంటుంది. ప్రభాదేవిలో నాగూ సయాజీ వాడి ఇప్పటికీ ఉంది. చూశారా, అక్కడ మళ్లీ 'వాడి'.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి.

మా చాల్ వెనక ఒక బాదంచెట్టు ఉండేది. నాటింది ఎవరో తెలియదు. బాదం కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా పోతాయి కదా, రెండో అంతస్తులో మా పడమటి కిటికీకి సరిగ్గా ఒక అంతస్తు ఆకులు. చలికాలం చివర ఎర్రబడి రాలేవి, ఎండలు ముదిరేసరికి మళ్లీ నిండేవి. చాల్ మరమ్మతు అప్పుడు పరంజా కట్టడానికి అడ్డమని మరమ్మతుల మేస్త్రీ ఒక కాగితం తెచ్చాడు. కొమ్మలే అన్నాడు. అందరం సంతకం పెట్టాం. డ్రాఫ్ట్స్‌మన్‌ని కాబట్టి నా సంతకం చూసి ఇంకో పదిమంది పెట్టారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మొదలు దాకా లేదు.

ఆ ఎండాకాలం అమ్మ మంచం పడమటి గోడ దగ్గర నుంచి జరిపాం. గోడ ముట్టుకుంటే రాత్రి పదింటికి కూడా వేడి. తర్వాత సంవత్సరం ఏసీ పెట్టించాను. దాని నీళ్లు కింది ఖోలీవాళ్ల అరుగు మీద పడ్డాయి, వాళ్లతో మాటలు పడ్డాయి, ఆరు నెలలు పలకరింపు లేదు. ఇంతా చేసి అమ్మకి ఏసీ పడదు. గ్యాలరీలో కుర్చీ వేసుకుని కూర్చునేది. "చెట్టుకి కరెంటు బిల్లు వస్తుండెనా బిడ్డా?" అని ఒకసారి అడిగింది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది.

ఈ ఎండాకాలం మలుపులో ఉన్న రావిచెట్టుకి టేపు చుట్టాం. నేను, ఇద్దరు కాలేజీ పిల్లలు. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 310 సెంటీమీటర్లు. దాన్ని మూడుం పాతిక లోపు భాగిస్తే, అంటే 3.14తో భాగిస్తే, అడ్డకొలత సుమారు 99 సెంటీమీటర్లు. బ్రిటన్‌లో ఇల్లు కట్టేటప్పుడు చెట్టుని కాపాడటానికి వాడే ప్రమాణం ప్రకారం, కాండం అడ్డకొలతకి 12 రెట్లు దూరం దాకా వేళ్ల జాగా. అంటే కాండం నుంచి ప్రతి వైపూ దాదాపు 12 మీటర్లు. కాగితం మీద కంపాసుతో ఆ గుండ్రం గీశాను. మొత్తం 24 మీటర్ల వెడల్పు. మన గల్లీ అందులో సగం కూడా లేదు. గుండ్రం గల్లీ దాటి, అరుగులు దాటి, రెండు వైపులా నాలుగైదు ఇళ్ల కింది నుంచి పోయింది.

అంటే ఇన్నాళ్లూ ఆ చెట్టు మన ఇళ్ల కిందే బతికింది. ఎట్లా? మన ఇళ్లకి లోతు పునాదుల్లేవు. రాళ్ల మధ్య సందులు, కారే నల్లా, మురుగు కాలవ, వాన నీళ్లు. చెట్టు వేళ్లు పాతాళానికి పోతాయని అనుకుంటాం గానీ, నీరు తాగే వేళ్లలో ఎక్కువభాగం పై మూడడుగుల మట్టిలోనే ఉంటాయి. అక్కడే గాలి, నీళ్లు దొరుకుతాయి.

ఇప్పుడు ఆ నమూనా ప్లాను మళ్లీ చూడండి. కాండాన్ని వదిలేసి చుట్టూ రెండడుగుల గట్టు కట్టి, ప్లాటు అంచు నుంచి అంచు దాకా కార్ల కోసం రెండు అంతస్తుల లోతు తవ్వితే, చెట్టుని కాపాడామని ఫోటో దిగొచ్చు. రెండు మూడు వానలకి అది ఎండిపోతుంది, లేదా వేళ్లు తెగిన వైపు నుంచి గాలివానకి పడుతుంది. పడితే కింద మనిషి ఉంటాడు. అప్పుడు 'చెట్లు ప్రమాదం' అంటారు. నరికే గొడ్డలి కంటే బేస్‌మెంటే చెట్టుకి పెద్ద శత్రువని ఇన్నేళ్లు ప్లాన్లు గీసి ఇప్పుడు చెబుతున్నాను.

చట్టం ఏమంటుంది? మహారాష్ట్రలో పట్టణాల చెట్ల రక్షణ చట్టం 1975 నుంచి ఉంది. 2021 సవరణలో 50 ఏళ్లు దాటిన చెట్టుని వారసత్వ వృక్షం అన్నారు. దాన్ని కొట్టాల్సి వస్తే దాని వయసెంతో అన్ని మొక్కలు పెట్టాలి. మంచిదే. కానీ 80 ఏళ్ల రావి మన పడమటి గోడకి ఇచ్చే నీడని 80 మొక్కలు ఎక్కడో పొలిమేరలో ఇవ్వవు. ఇంకొకటి, 2013 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ కేసులో కాండం చుట్టూ ఒక మీటరు దాకా కాంక్రీటు తీసేయమంది. ఒక మీటరు! మన రావికి కావలసింది పన్నెండు. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే ముంబయి కేసులో, పిల్లలు ఆడుకునే ఖాళీ జాగా పోడియం మీద కాదు, నేల మీదే ఉండాలంది. ఆ తర్వాత నియమాలు మారుతూ వచ్చాయి గానీ ఆ తీర్పు మనకి పనికొచ్చే మాట అన్నది. నేలని నేలగా వదిలితేనే చెట్టు ఉంటుంది. పోడియం మీద రెండడుగుల మట్టిలో పెరిగేది కుండీ మొక్కే.

పీకి వేరేచోట నాటొచ్చు కదా అంటారు. చిన్నవైతే సరే. పెద్దదాన్ని కదిలించాలంటే కొమ్మలన్నీ మోడు చేసి, వేళ్లు చాలావరకు నరికి తీసుకెళ్లాలి. రావి, మర్రి జాతి కొంత తట్టుకుంటాయి. యాప, చింత అంత తేలిగ్గా తట్టుకోవు.

మరి ఏం చేయాలి? జబల్‌పూర్‌లో ఒక కుటుంబం నూటయాభై ఏళ్ల రావిచెట్టు చుట్టూ నాలుగంతస్తుల ఇల్లు కట్టుకుంది. కొమ్మలు గదుల్లోంచి పోతాయి. చూడ్డానికి వింతే, పత్రికలవాళ్లు ఏడాదికోసారి వెళ్తారు. మనకి ఆ దారి కుదరదని నా అభిప్రాయం. మన వానకి కొమ్మ వెంట నీళ్లు గదిలోకి దిగుతాయి, పదిమంది ఒప్పుకోవాల్సిన చోట ఒకరు కాదంటే చెట్టే పోతుంది. నాకు నచ్చిన దారి తిరువనంతపురంలో లారీ బేకర్‌ది. ఆయన 1970ల్లో కట్టిన సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ చూడండి. ఆయన ముందు స్థలంలో చెట్లు గుర్తించేవాడు, తర్వాత గోడ గీత గీసేవాడు. చెట్టు అడ్డమొస్తే గోడ వంగేది. ఇటుకల మధ్య కన్నాలు వదిలి జాలీ గోడలు కట్టాడు: నీడ లోపల, గాలి కూడా లోపల. కేరళ ఎండ కూడా మనలాగే తేమ ఎండ. పాలమూరు మట్టిగోడ కంటే ఈ జాలీ గోడ మనకి దగ్గరి చుట్టం.

మన దగ్గర టవరు గోడ వంగదు, తెలుసు. ఎన్ని కుటుంబాలకి ఇళ్లు ఇవ్వాలో నాకూ తెలుసు. అయితే ఇక్కడ మనకున్న ఒక లాభం ఎవరూ చెప్పడంలేదు. 2023లో సర్కారు ఒప్పుకున్న పద్ధతి ఒక్కో చాల్‌ని విడిగా కాకుండా సుమారు 34 ఎకరాలని కలిపి మ్హాడా ద్వారా కట్టడం. ఒక్కో ప్లాటు విడిగా కడితే రావి ఎవరి ప్లాటులో ఉంటే వాళ్ల నెత్తిన పడుతుంది. 34 ఎకరాలు ఒకే కాగితం మీద ఉన్నప్పుడు, ఒక టవరుని 12 మీటర్లు పక్కకి జరపడం పెన్సిలు పని. బేస్‌మెంటు అంచుని చెట్టు గుండ్రం బయట ఆపడం పెన్సిలు పని. ఎట్లాగూ వదలాల్సిన ఖాళీ జాగాని, మిగిలిన మూలల్లో కాకుండా ఉన్న చెట్ల దగ్గర పెట్టడం కూడా పెన్సిలు పనే. నేను చేసిన ఉద్యోగం కాబట్టి చెబుతున్నా. మొదటి రోజు అది ఖర్చులేని పని. పునాది తవ్వాక ఎంత డబ్బు పోసినా కాదు.

ఇక్కడ ఇంకొక సంగతి దాచకూడదు. అన్ని చెట్లూ ఉండాలని నేను అనడం లేదు. గోడ పగుల్లోంచి మొలిచిన రావి గోడని చీలుస్తుంది, అది తీయాల్సిందే, చిన్నప్పుడే తీయాలి. నిద్రగన్నేరు చెట్లకి తెల్లపురుగు పట్టి ముంబయిలో ఎన్ని ఎండిపోయాయో చూశాం. ఎండినదాన్ని అట్లాగే ఉంచడం భక్తి కాదు. గుల్‌మొహర్ గాలివానకి తేలిగ్గా విరుగుతుంది. మన పాలమూరు పిల్లలమర్రికే 2017లో పెద్ద కొమ్మ విరిగి, చెదలకి సెలైన్ సీసాలతో మందు ఎక్కించాల్సి వచ్చింది. చెట్టుకి కూడా డాక్టరు చూపు కావాలి. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఒక్కొక్క చెట్టు దగ్గర నిలబడి తేల్చాల్సిన మాట. గల్లీ మొత్తానికి కలిపి 'ఉంచండి' అంటే, అవతలివాళ్లు గల్లీ మొత్తానికి కలిపి 'తీసేయండి' అంటారు.

2018 నాటి లెక్కలో ముంబయి మొత్తం చెట్లు 29.75 లక్షలు. అందులో మనవి ఎన్ని, ఏ జాతి, ఏ మలుపులో, ఎంత లావు అన్నది మన దగ్గర మన చేతిరాతలో ఉండాలి. ప్లాను గీసే కుర్రవాడు, నాలాంటివాడే, కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు ఆ కాగితం వాడి బల్ల మీద ఉండాలి. తర్వాత అభ్యంతరం రాయడం కంటే ముందు కొలతలు ఇవ్వడం మేలు.

అందుకని మేము మొదలుపెట్టిన పని ఇది. తెల్ల కాగితం మీద గల్లీ గీసుకుంటున్నాం. ఒక్కో చెట్టుకి ఛాతీ ఎత్తులో చుట్టుకొలత, మధ్యాహ్నం మూడింటికి దాని నీడ ఏ గోడ మీద పడుతుందో, కింద ఏముందో: అమ్మవారా, ఇస్త్రీ బండా, నల్లానా. చుట్టుకొలతని దాదాపు నాలుగుతో గుణిస్తే వేళ్ల జాగా ఎంత దూరమో వస్తుంది. పన్నెండుని మూడుం చిల్లరతో భాగించడమే అది, పిల్లలు కూడా చేస్తున్నారు. మొదటి ఆదివారం మూడు గల్లీలు అయ్యాయి. రావిచెట్టు దగ్గర ఇస్త్రీ చేసే పెద్దాయన తన బండి నీడలోకి ఎన్నిసార్లు జరుపుతాడో గంట గంటకీ చెప్పాడు. మేము రాసుకున్నాం. నా ముప్పై ఏళ్ల డ్రాయింగుల్లో అంత సరైన నీడ కొలత ఎప్పుడూ లేదు.

వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి 7వ గల్లీ మొదట్లో కలుద్దాం. ఎండ ఎక్కకముందే మూడు గల్లీలు చూడాలి. మా అమ్మ చెప్పేది, ఆ వైపు ఒక చింతచెట్టు ఉండేదని, పిల్లలు కాయలకి రాళ్లు వేస్తే ఒక అవ్వ తిట్టేదని. ఎవరింట్లోనైనా పాత పెళ్లి ఫోటోల వెనక ఆ చెట్టు కనిపిస్తే ఆ ఫోటో తీసుకురండి. టేపు నేను తెస్తాను. ఒక నిచ్చెన మాత్రం కావాలి, రావికొమ్మ మా కిటికీల్లో ఎవరిదాకా వచ్చిందో చూడాలి.